సాలీడు విషం బ్యాక్టీరియాను చంపుతుందంటారు, మరి సాలీడు కుట్టిన చోట చీము ఎందుకు పడుతుంది?

"సాలీడు విషంలో యాంటీబయాటిక్‌లా పనిచేసే పదార్థాలున్నాయని చదివాను. మా అత్తగారికి మోకాలి కింద సాలీడు కుట్టి, చీము పట్టి, ఇన్నాళ్లయినా మానడం లేదు. రెండూ ఎలా నిజమవుతాయి?" అని మీరు అడిగారు. మొదటిది నిజమే. రెండోదాంట్లో పుండు నిజం, చీము నిజం. కుట్టింది సాలీడేనని తేల్చింది ఎవరు? నేను చెప్పదలచుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే ఉంది.

నేను అమలాపురం దగ్గర ఒక ల్యాబులో మైక్రోబయాలజీ విభాగంలో పనిచేస్తాను. కోనసీమ ఊళ్ల నుంచి వచ్చే చీము, మూత్రం, కఫం నమూనాలను ప్లేట్ల మీద పెంచి, అందులో ఏ క్రిమి ఉంది, అది ఏ మందుకు లొంగుతుంది అన్నది చెప్పడం నా పని. వానలు మొదలయ్యాక నమూనాతో వచ్చే చీటీల మీద "సాలీడు కుట్టిన పుండు" అన్న మాట తరచూ కనిపిస్తుంది. ఆ చీటీల్లో నూటికి తొంభై అయిదు తప్పని నేను పందెం కాస్తాను. రాయించినవాళ్లలో సాలీడును కళ్లతో చూసినవాళ్లు దాదాపు ఉండరు. పొద్దున లేచేసరికి కాలి మీద పొక్కు ఉంది, గోడ మూల సాలెగూడు ఉంది. రెండూ కలిపి కథ అల్లేస్తారు.

మా చిన్న మామయ్య పుండు గురించి చెబితే మీకు బాగా అర్థమవుతుంది. ఆ సార్వాలో ఊడ్పులు అయిపోయాయి, మామయ్య గట్లు చెక్కుతూ చేలోనే ఉంటున్నాడు. ఎడమ కాలి పిక్క మీద చిన్న పొక్కు లేచింది. గోకాడు. మర్నాటికి ఎర్రబడి, చుట్టూ గట్టిపడింది. చేలో సాలీళ్లు తిరుగుతున్నాయి కాబట్టి కుట్టింది సాలీడేనని ఆయనే తీర్పు చెప్పేశాడు. అత్తయ్య పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసింది. ఎదురింటివాళ్లు విషం దిగడానికి మంత్రం వేయించారు. ఊళ్లో వైద్యం చేసే ఆయన విరుగుడంటూ ఒక సూది పొడిచి, పేరు కూడా రాయకుండా కాగితం పొట్లంలో మాత్రలు కట్టి ఇచ్చాడు. తగ్గకపోతే వేరే రంగు మాత్రలు ఇచ్చాడు. తర్వాత మళ్లీ మార్చాడు. మామయ్యకు షుగరుంది. ఆ మాట ఆయన అడగలేదు, మామయ్య చెప్పలేదు.

వినాయక చవితికి నేను వెళ్లేసరికి మామయ్య వీధి అరుగు మీద కూర్చుని, కాలు ఎత్తు పీట మీద పెట్టుకుని ఉన్నాడు. పిక్క మొత్తం వాచి, చర్మం బిగిసి మెరుస్తోంది. చెయ్యి ఆనిస్తే కాలిపోతోంది. మధ్యలో అర్ధరూపాయంత పసుపుపచ్చటి మూత, దాని అంచు నుంచి చీము.

"ఏమైంది మామయ్యా?"

"సాలీడు కుట్టిందమ్మా. విషం మెల్లగా దిగుతోంది."

"కుడుతుండగా చూశావా?"

"చేలో బోలెడున్నాయి కదా!"

"చేలో ఉండడం కాదు, నీ కాలి మీద చూశావా అని."

"కాలు బురదలో ఉంటే ఎలా చూస్తానే!"

బురదలో పిక్క దాకా మునిగిన కాలిని సాలీడు ఎలా కుట్టిందో ఇంట్లో ఒక్కరూ ఆలోచించలేదు. నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. షుగరున్న మనిషికి అలాంటి కాలు ఎక్కడి దాకా వెళ్తుందో మా ల్యాబుకొచ్చే చీటీల్లో చూస్తూనే ఉంటాను. పండగ భోజనాలు కాగానే మందుల దుకాణం నుంచి సెలైన్ తెప్పించి, పైన పేరుకున్నదంతా కడిగేసి, లోపలి అంచు నుంచి స్వాబుతో చీము తీసుకుని బయలుదేరాను. ఆయన్ని పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని అత్తయ్య దగ్గర మాట తీసుకున్నాకే బస్సెక్కాను.

మర్నాడు ఇంక్యుబేటర్ తెరిస్తే గొర్రె రక్తం కలిపిన ఎర్రటి ప్లేటు మీద బంగారు రంగు చుక్కలు నిండుగా పెరిగి ఉన్నాయి. ప్రతి చుక్క చుట్టూ రక్తం కరిగిపోయి తేటగా కనిపిస్తోంది. సూక్ష్మదర్శినిలో గుత్తులు గుత్తులుగా గుండ్రటి క్రిములు. ప్లాస్మాలో వేస్తే గడ్డ కట్టించాయి. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా, ఇంక అనుమానం లేదు. మందుల పరీక్ష కూడా పెట్టాను. సెఫాక్సిటిన్ అనే యాంటీబయాటిక్ అద్దిన కాగితపు బిళ్లను ప్లేటు మీద పెడితే, దాని చుట్టూ కనీసం 22 మిల్లీమీటర్ల వ్యాసం మేర క్రిమి పెరగకుండా ఆగాలి. ఇక్కడ బిళ్ల దగ్గర దాకా వచ్చి కూర్చుంది. అంటే ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ, మెథిసిలిన్ మందుకు లొంగని స్టాఫిలోకాకస్. పెన్సిలిన్ కుటుంబంలో మనం రోజూ మింగే మందులేవీ దానికి పనిచేయవు. పొట్లాల్లో మామయ్య మింగినవి ఆ కుటుంబానివే అయి ఉండాలి. సర్జన్ కోసి చీము తీసి, ప్లేటు చూపించిన మందు రాసి, షుగరు అదుపులోకి తెచ్చాక కాలు మానింది. మామయ్య మాత్రం ఇప్పటికీ సాలీడనే అంటాడు.

ఇది కోనసీమ అమాయకత్వం అనుకోకండి, అమెరికాలోనూ ఇంతే. కాలిఫోర్నియాలో సాలీడు కుట్టిందంటూ ఆసుపత్రికి వచ్చిన 182 మందిని పరీక్షించి 2011లో లెక్క ప్రచురించారు. నిజంగా సాలీడు కుట్టింది ఏడుగురిని. నూటికి 85 మందికి పైగా ఉన్నది మామూలు చర్మపు ఇన్ఫెక్షను. ఆస్ట్రేలియాలో ఇంకా గట్టిగా చేశారు. కుట్టిన సాలీడును పట్టి తెచ్చి, నిపుణులు దాన్ని గుర్తించిన కేసులనే తీసుకున్నారు, అలాంటివి 750. కుళ్లిన పుండు ఒక్కరికీ కాలేదు. ఇన్ఫెక్షను వచ్చినవాళ్లు ఒక శాతం లోపే. 2002లో వచ్చిన ఆ పత్రాన్ని ప్రతి ఊళ్లో గోడకు అంటించాలని నా కోరిక. సాలీడు కుడితే చర్మం చచ్చిపోవడం అసలు లేదని అనడం లేదు. లోక్సోసెలెస్ అనే గోధుమ రంగు సాలీళ్ల విషంలో స్ఫింగోమైలినేజ్ డి అనే ఎంజైమ్ ఉంటుంది, అది నిజంగానే చర్మాన్ని చంపగలదు. కానీ అవి చీకటి మూలల్లో దాక్కునేవి. బురద చేలో వరి దుబ్బుల మధ్య తిరిగేవి వేరు.

ఇక మీరు చదివిన సంగతికి వస్తాను. 1998లో అమెరికాలో కరోలినా తోడేలు సాలీడు విషం నుంచి లైకోటాక్సిన్లు అనే రెండు చిన్న పెప్టైడ్‌లను, అంటే పొట్టి ప్రొటీను గొలుసులను వేరు చేశారు. ఒకటి 25 అమైనో ఆమ్లాల గొలుసు, ఇంకొకటి 27. మన పేగుల్లో ఉండే ఈ.కోలై పెరుగుదలనూ, ఒక రకం ఈస్టునూ అవి ఆపేశాయి. 2002లో మధ్య అమెరికాకు చెందిన కుపియెన్నియస్ అనే పెద్ద సాలీడు నుంచి కుపియెన్నిన్లు అనే ఇలాంటి పెప్టైడ్‌లే వచ్చాయి, వాటి మీద ఎక్కువ పని స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో జరిగింది. అదే ఏడాది లింక్స్ సాలీడు నుంచి ఆక్సియోపినిన్లు. 2006లో మధ్య ఆసియా సాలీడు ఒకదాని నుంచి లాటార్సిన్లు, అది మాస్కో శాస్త్రజ్ఞుల పని.

ఇవి చంపే పద్ధతి చూడండి. నీళ్లలో ఉన్నంతసేపు ఈ గొలుసుకు నిలకడైన ఆకారం ఉండదు. కణపొరను తాకగానే మన కొబ్బరి తాడులా పురి తిరుగుతుంది. ఆ పురిలో ఒక పక్క కొవ్వును ఇష్టపడుతుంది, రెండో పక్క నీటిని ఇష్టపడుతుంది, పైగా ధనావేశంతో ఉంటుంది. బ్యాక్టీరియా పొర బయటి వైపు రుణావేశం ఎక్కువ. ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అలా పదులు, వందలు చేరి పొరలోకి దిగబడితే అది చిల్లులు పడి, లోపలి ఉప్పులూ శక్తీ బయటికి కారిపోయి క్రిమి చస్తుంది. మామూలు యాంటీబయాటిక్ ఒక ఎంజైమునో ఒక ప్రొటీనునో పట్టుకుని ఆపుతుంది. ఇది నేరుగా పొరనే చీలుస్తుంది. మన కణాల బయటి పొరకు ఆ రుణావేశం దాదాపు లేదు, పైగా కొలెస్టరాల్ బిగువు ఉంది, అందుకే కొంత తట్టుకుంటాయి. ఆ "కొంత" అన్న మాట గుర్తుంచుకోండి.

సాలీడు వీటిని మన రోగాల కోసం దాచుకోలేదు. పురుగును పడగొట్టే నరాల విషం వేరే ఉంది, కణాలకు చిల్లులు పెట్టే ఈ పెప్టైడ్‌లు దానికి దారి ఇస్తాయి. కుపియెన్నియస్‌లో ఈ జంట కలిసినప్పుడు నరాల విషం బలం పెరుగుతుందని బెర్న్‌లో చూపించారు. బ్యాక్టీరియాను చంపడం ఆ గుణంతో పాటు వచ్చినదే అని నా నమ్మకం. మామయ్య ప్లేటు మీద చుక్కల చుట్టూ రక్తం తేటపడిందన్నాను కదా, అక్కడా జరిగింది చిల్లులు పెట్టడమే. స్టాఫిలోకాకస్ వదిలే ఆల్ఫా టాక్సిన్ ముక్కలు ఏడు కలిసి ఒక గొట్టంగా ఏర్పడి, గొర్రె ఎర్ర కణంలోకి దిగి దాన్ని పగలగొట్టాయి. మామయ్య పిక్కలో కండను కరిగించిన విషం ఆ క్రిమిది. నింద సాలీడుకు పడింది.

"మరి ఆ పెప్టైడ్‌తో మందు చేయరేం?" అని మీరు అడుగుతారు. ప్రయత్నం జరగలేదని కాదు. సాలీడు కంటే ముందు కప్ప వచ్చింది. 1987లో మైఖేల్ జాస్లాఫ్ ఆఫ్రికా కప్ప చర్మంలో మాగైనిన్లను కనుక్కున్నారు. వాటిని మార్చి పెక్సిగనాన్ అనే పూతమందు చేసి, షుగరువాళ్ల పాదాల పుండ్ల మీద పెద్ద పరీక్షలు జరిపారు, అంటే సరిగ్గా మామయ్యలాంటివాళ్ల కోసం. 1999లో అమెరికా ఔషధ సంస్థ దానికి అనుమతి ఇవ్వలేదు. సాలీడు పెప్టైడ్‌లకు కష్టాలు ఇంకా ఎక్కువ. మన కణాలు "కొంత" మాత్రమే తట్టుకుంటాయి, మోతాదు పెరిగితే ఎర్ర రక్తకణాలూ పగులుతాయి. మింగితే పేగులోని ఎంజైములు ముక్కలు చేస్తాయి, రక్తంలోకి ఎక్కిస్తే అక్కడా ఎక్కువసేపు నిలవవు. తయారు చేయడానికి ఖర్చూ ఎక్కువే. ఇక వీటికి క్రిములు ఎదురు తిరగలేవని కొందరు రాస్తుంటారు. అది తప్పు. స్టాఫిలోకాకస్ తన పొరలోని కొవ్వుకు లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తగిలించి, పైన ఉన్న రుణావేశాన్ని తగ్గించుకోగలదు. అప్పుడు ఈ పెప్టైడ్‌కు పట్టు దొరకదు.

ఎదురు తిరగడం అన్నాను కాబట్టి నా మనసులో ఉన్న బాధ ఇక్కడ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. కొలిస్టిన్ అనే మందు కూడా ధనావేశమున్న పెప్టైడే, మట్టిలోని ఒక బ్యాక్టీరియా నుంచి వచ్చింది, అదీ పొర మీదే దెబ్బ కొడుతుంది. ఐసీయూలో అన్ని మందులూ చేతులెత్తేశాక కొన్ని మొండి క్రిముల మీద డాక్టర్లు దాన్ని తీస్తారు. అలాంటి మందును ఏళ్ల తరబడి కోళ్లకు దాణాలో కలిపి పెట్టారు, బరువు పెరగడానికి! 2015లో చైనా పరిశోధకులు దాన్ని ఓడించే ఎమ్‌సీఆర్-1 అనే జన్యువును బయటపెట్టారు. ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి అది అంటుకుంటుందని తేలింది. మన దేశంలో 2019లో ఆహార జంతువులకు కొలిస్టిన్ నిషేధించారు. తణుకు, అనపర్తి వైపు కోళ్ల షెడ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, ఆ నిషేధం మనకు ఎంత అవసరమో నేను వేరే చెప్పనక్కర్లేదు. భీమవరం, ఆకివీడు వైపు చేపల, రొయ్యల చెరువులది ఇంకో కథ. రొయ్యల్లో మందుల అవశేషాలు దొరుకుతున్నాయని 2016లో యూరప్ మన సరుకు తనిఖీని పది శాతం నుంచి యాభై శాతానికి పెంచింది. అప్పుడు అందరూ ధర పడిపోతుందని ఏడ్చారు. చెరువు నీళ్లు డ్రెయిన్లో కలిసి ఎక్కడికి పోతాయని ఎవరైనా అడిగారా? కొత్త మందు కోసం ఏ దేశపు సాలీడునో పిండాలని చూస్తున్నాం, చేతిలో ఉన్న మందును నీళ్లలో పారబోస్తున్నాం.

సాలీడు మీద పడే నింద ఇంకొకటి ఉంది, అది కూడా తీర్చేస్తాను. రాత్రి లైటు కింద కూర్చున్న మర్నాడో ఆ మర్నాడో మెడ మీదో చేతి మీదో గీత గీసినట్టు మంట, వరసగా నీటి పొక్కులు లేస్తాయి. "సాలీడు పాకింది" అంటారు. ఆ పని చేసింది నారింజ, నలుపు పట్టీల సన్నటి పురుగు, శాస్త్రజ్ఞులు పెడెరస్ అంటారు. వరి చేలల్లో ఉంటుంది, వెలుతురుకు వస్తుంది. అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతుంటే మనం అరచేత్తో నలిపేస్తాం, దాని ఒంట్లోని పెడెరిన్ చర్మానికి పూసుకుంటుంది. ఆ విషాన్ని కూడా పురుగు తయారు చేయదు, దాని లోపల కాపురముండే బ్యాక్టీరియా తయారు చేస్తుంది. కాబట్టి దాన్ని నలపకండి, ఊదేయండి, వెంటనే సబ్బుతో కడగండి.

ఇప్పుడు చేలో ఉన్న అసలు సాలీళ్ల గురించి. లైకోటాక్సిన్లు దొరికింది తోడేలు సాలీళ్ల కుటుంబంలో, ఆక్సియోపినిన్లు లింక్స్ సాలీళ్ల కుటుంబంలో. ఈ రెండు కుటుంబాలవాళ్లూ గూడు అల్లి ఎదురుచూసే రకం కాదు, వెంటాడి పట్టుకునే రకం. వాటి బంధువులు మన గోదావరి చేలల్లోనే ఉన్నారు. దుబ్బు మొదట్లో నీళ్ల మీద పరుగెత్తుతూ, గుడ్ల సంచిని వెనక తగిలించుకుని, పిల్లలు పుట్టాక వీపు మీద మోసే గోధుమ రంగుది తోడేలు సాలీడు. ఆకుల పైన కాళ్ల నిండా ముళ్లతో కనబడేది లింక్స్. తోడేలు సాలీడు రోజుకు అయిదు నుంచి పదిహేను పురుగుల దాకా తింటుంది, అందులో సుడిదోమ ముఖ్యం. స్వర్ణ రకం వరి వేసిన రైతుకు సుడిదోమ అంటే ఏమిటో నేను చెప్పాలా? దుబ్బులు గుండ్రంగా ఎండి చేను పడిపోతుంది. నాటిన తొలి వారాల్లోనే పక్కవాడు కొట్టాడని మనమూ మందు కొడితే ముందు చచ్చేది సాలీడు. దోమ గుడ్లు ఆకు తొడుగుల లోపల భద్రంగా ఉంటాయి, పొదిగి బయటికి వచ్చేసరికి తినేవాడు ఉండడు. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే పురుగుమందులు కొట్టిన చేలల్లో దోమ తగ్గకపోగా విజృంభించిన సంగతి ఆసియా వరి దేశాలన్నీ చూశాయి. మామయ్య కాలు చూసుకుని ఆ ఏడాది "ఈ సాలీళ్ల పని పడతాను" అని అదనంగా ఒక కోటా మందు కొట్టించాడు. చేసినది ఆ బ్యాక్టీరియా, చచ్చింది ఆయన చేనుకు కాపలా ఉన్న సాలీడు. నాకు ఇదే అన్నిటికంటే కడుపు మండించే విషయం.

మీ అత్తగారి విషయం. ఇన్నాళ్లుగా మానలేదంటే సాలీడు సంగతి పక్కన పెట్టి సర్జన్‌కు చూపించండి, షుగరు పరీక్ష ఆ రోజే చేయించండి. చీమును కల్చర్‌కు, అంటే ప్లేటు మీద పెంచి చూసే పరీక్షకు పంపమని మీరే అడగండి, చాలా చోట్ల అడిగితే తప్ప పంపరు. వీలైతే కొత్త యాంటీబయాటిక్ మొదటి మాత్ర పడకముందే నమూనా తీయించండి. ఇప్పటికే ఏవైనా వాడి ఉంటే ఆ పొట్లాలు, అట్టలు పారేయకుండా చీటీతో పాటు పట్టుకెళ్లండి. పైన కారుతున్న చీమును తుడిచి పంపితే చర్మం మీద మామూలుగా ఉండే క్రిములే ప్లేటంతా నిండుతాయి, మాకు అసలుది దొరకదు. పుండును సెలైన్‌తో కడిగాక లోపలి అంచు నుంచి తీయాలి, గడ్డగా ఉంటే డాక్టరు సిరంజితో లాగి ఇస్తే ఇంకా మంచిది. నమూనాను ఆ పూటే ల్యాబుకు చేర్చండి. చీటీ మీద "సాలీడు" అని రాయించకండి. ఎప్పుడు మొదలైంది, షుగరుందా, ఏమేం మందులు వాడారు, అవి రాయించండి.